వ్యోమగామికి ఏం పూయాలి?

మా మనవరాలి బడి వాట్సాప్ గ్రూపుకు రాత్రయితేగానీ నోరు పెగలదు. "రేపు అంతరిక్ష దినోత్సవం. పిల్లలను వ్యోమగామి వేషంలో పంపగలరు." పంపగలరట!

2023 ఆగస్టు 23న విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగింది. సంతోషం. శ్రీహరికోట 2022లో నెల్లూరు నుంచి మా తిరుపతి జిల్లాలోకొచ్చి పడింది. అదీ సంతోషమే. అప్పట్నుంచి మా బళ్లకు ఇస్రో సొంత మేనమామ అయి కూర్చుంది. ప్రయోగానికి ముందు సైంటిస్టులు రాకెట్ నమూనాను కొండకు తెచ్చి స్వామి ముందు పెట్టి పోతారు. వాళ్లకు ఆ నమూనా ఎవరు చేసిస్తారో! మా ఇంట్లో మాత్రం థర్మోకోల్ కోసేది నేనే.

వేషాలు తిరుపతికి కొత్తా? గంగజాతరలో బొగ్గు పూసుకుంటే తోటి, గంధం పూసుకుంటే దొర. పైసా ఖర్చు లేదు. వ్యోమగామికి ఏం పూయాలి? గాంధీ రోడ్డులో వేషాలు బాడుగకిచ్చే అంగడికి పరిగెత్తినాను.

"ఆస్ట్రోనాట్లన్నీ సాయంత్రమే అయిపోయినాయి సామీ. శ్రీనివాసుడుండాడు, పద్మావతి ఉంది, బావాజీ ఉండాడు. బావాజీని తీసుకోండి, చేతికి రాకెట్టిస్తే సరిపోతుంది."

హథీరాం బావాజీ స్వామితో పాచికలాడినాడుగానీ రాకెట్టెక్కినట్టు ఎక్కడా వినలేదు. ఇంటికొచ్చి, పొద్దున్నే పిల్లకు రెయిన్‌కోటు తొడిగి, దాని మీద వంటింటి ఫాయిలు చుట్టి, సెల్లోటేపు మొత్తం అంటించి, నీళ్ల క్యాను కోసి తలకు తగిలించినాను. అన్నీ అయినాక లోపల్నుంచి గొంతు వినబడింది.

"తాతా, ఒంటేలొస్తా ఉంది."

ఇది చిన్న విషయం కాదు. మహామహులే దీని దగ్గర ఆగిపోయినారు. 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ రాకెట్ దగ్గరికి పోతూ బస్సు ఆపించి, వెనక చక్రం దగ్గర పని కానిచ్చుకున్నాడు. మానవజాతి అంతరిక్షంలోకి పోకముందు చేసిన ఆఖరి పనుల్లో అదొకటి. రష్యా వాళ్లు దాన్ని ఆచారం చేసేశారు. సోయుజ్ ఎక్కేవాళ్లు ఇప్పటికీ దోవలో బస్సు దిగి చక్రానికి అభిషేకం చేసిపోతారు. అదే ఏడాది మే 5న అమెరికా అలన్ షెపర్డ్‌ను పంపింది. పావుగంట ప్రయాణమే కదా అని ఏ ఏర్పాటూ చేయలేదు. రాకెట్ కదలకుండా గంటలు గంటలు గడిచిపోయినాయి. పాపం, చివరికి సూట్లోనే కానిచ్చుకున్నాడు. ఇప్పుడు అంతరిక్ష కేంద్రంలో అదే ద్రవాన్ని శుద్ధి చేసి మళ్లీ తాగుతారు. ఇంత చరిత్ర ఉన్న సమస్యకు మా ఆవిడ ఒక్క మాటతో పరిష్కారం చెప్పింది. "కత్తెర తెండి." రాత్రి నాకు నిద్ర లేకుండా చేసిన వేషం నిమిషంలో నిలువునా చీలిపోయింది.

మళ్లీ టేపేస్తుంటే పిల్ల అడిగింది. "మన రాకెట్లో ఎవరు పోతారు తాతా?"

గగన్‌యాన్ కోసం ఎంపికైన నలుగురి పేర్లూ చెప్పినాను. ప్రశాంత్ నాయర్, అజిత్ కృష్ణన్, అంగద్ ప్రతాప్, శుభాంశు శుక్లా.

"ఆడపిల్లలు?"

"వ్యోమమిత్ర ఉంది కదా! అందరికంటే ముందు ఆమే పోతుంది."

"ఎవరామె?"

"రోబో. 2020లో చూపించినప్పుడు నడుము కిందికి కాళ్లు కూడా లేవు."

పిల్ల ఆలోచించింది. "ఆమెకైతే ఒంటేలు రాదు. అందుకేనా?"

వాయుసేన టెస్ట్ పైలట్లలోంచి ఎంచుకున్నారనీ, ఆ వరసలో ఆడవాళ్లు లేరనీ చెప్పొచ్చు. ఎందుకు లేరంటే? కల్పనా చావ్లా, మన తెలుగుపిల్ల బండ్ల శిరీష, ఎవరి పేరు చెప్పినా ఎక్కిపోయింది వేరే దేశం వాహనమే. 1984లో రాకేశ్ శర్మ మాటలు రేడియోలో వింటూ నేనే పైకి పోయినంత పొంగిపోయినాను. మా అక్క నా పక్కనే ఉంది. ఆమెకేమనిపించిందో అడగాలని అప్పుడే కాదు, ఇన్నేళ్లలోనూ తోచలేదు.

ఆ పొద్దునే ఫోన్ చేసి అడిగినాను. "దోసె మాడిపోతా ఉంది, పెట్టేయ్‌రా" అనింది.