మొదటి ర్యాంకు సర్కారుదే

వయోజన విద్య ఫెయిలైందని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఒక విద్యార్థి ఆ పాఠాన్ని ఒంటబట్టించుకుని, డిస్టింక్షన్లో పాసయ్యాడు. అతగాడి పేరు సర్కారు.

పాఠం నెల్లూరు జిల్లాలో జరిగింది, 1991లో. అక్షరదీపం పేరుతో ఊరూరా రాత్రి బడులు పెట్టారు. పగలంతా నడుం వంచి నాట్లేసిన ఆడవాళ్లు పలకాబలపం పట్టి, అక్షరాలు కూడబలుక్కుని వాచకం విప్పితే అందులో 'సీతమ్మ కథ' కనిపించింది. సారా కొంపలెలా ముంచుతుందో చెప్పే కథ. చదివి ఊరుకోవచ్చుగా! మనమంతా అలాగే కదా చదివాం, మార్కులు తెచ్చుకుని మర్చిపోయాం. ఆ జిల్లాలోనే దూబగుంట అనే పల్లె ఆడవాళ్లకి పాపం ఆ మర్యాద తెలీదు. అచ్చులో ఉన్నది ఆచరించడానికే అనుకున్నారు. కొంగు బిగించి సారా కొట్టు మూయించారు. వాళ్లలో రోశమ్మ అనే ఆవిడ పేరు రాష్ట్రమంతా మోగింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు ఆగిపోయాయి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో ఏకంగా మద్యనిషేధం. ఖజానాకు చలిజ్వరం.

సర్కారు అప్పుడు బుద్ధిగా బాసింపట్టు వేసుకుని పాఠం నేర్చుకుంది: కూలిదానికి 'అ' నేర్పితే అది 'ఆబ్కారీ' దాకా చదువుతుంది! ముందు ఆ పాఠాలు వాచకంలోంచి లేచిపోయాయి. 1997లో మద్యనిషేధమూ లేచిపోయింది. ఆ తర్వాత ఏ జెండా ఎగిరినా లెక్క ఒక్కటే. పిల్లాణ్ణి బడికి పంపమని అమ్మ ఖాతాలో డబ్బులేస్తే, ఆ చందా నాన్న సాయంత్రానికల్లా దుకాణం దగ్గర కట్టేస్తాడు.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం. ముగ్గురిలో ఒకరికి అక్షరం ముక్క రాదన్నమాట. దానికేం, పెద్దలకి చదువు చెప్పే సాక్షర భారత్ పథకం ఉండేది. ఆ కేంద్రం నడిపే ప్రేరక్ అనే ఓ ప్రాణికి నెలకు 2000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చేవారు. గౌరవం ఎక్కువ, వేతనం తక్కువ. 2018 మార్చిలో ఆ గౌరవాన్నీ ఎత్తేశారు. 2022లో కొత్త పథకం వచ్చింది, తర్వాత దానికి ఉల్లాస్ అని పేరు పెట్టారు. 'వయోజన విద్య' అన్న మాట కాలం చెల్లిందట, ఇక 'అందరికీ విద్య' అనాలట. చెప్పేవాళ్లకి పైసా ఇవ్వరు, అంతా స్వచ్ఛంద సేవే. బడి పిల్లలు కూడా పెద్దలకి చదువు చెప్పొచ్చు. పిల్లల చదువుల్ని కొలిచే ఏసర్ 2024 సర్వే చూస్తే, దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో సగానికి పైగా రెండో తరగతి పాఠం చదవలేరు. చదవలేని కొడుకు చదువురాని తల్లికి గురువు! వాడికి ఇంట్లో చెప్పే దిక్కు లేకనే కదా చదువు రాలేదు? ఆ దిక్కు తల్లే కావాలి కదా? ఇలాంటి తిక్క ప్రశ్నలు వేసేవాళ్లని రాత్రి బడి దరిదాపులకు రానివ్వకూడదు.

అన్నట్టు, వేలిముద్రల్ని రూపుమాపుతామని 1978 నుంచీ ఉద్యమాలు చేశాం. తీరా చూస్తే ఆఫీసరు కూడా పొద్దున్నే హాజరుకి వేలు నొక్కే రోజులొచ్చాయి. సమానత్వం వచ్చేసింది. తేడా ఒక్కటే, గిన్నెలు తోమీ ఇటుకలు మోసీ గీతలరిగిపోయిన వేలిని మాత్రం రేషన్ మిషన్ గుర్తుపట్టదు.

మొన్న మా ఊళ్లో పొదుపు సంఘం లోను ఇస్తుంటే చూద్దామని వెళ్లాను. ఓ పెద్దామె, కొత్తగా సంతకం నేర్చుకుంది, పంటి కింద నాలుక బిగించి ఒక్కో అక్షరం చెక్కింది. ఫొటో తీశారు, చప్పట్లు కొట్టారు. ఆమె కాగితం తిరిగి ఇవ్వలేదు. కళ్లకి దగ్గరగా పెట్టుకుని పైనుంచి ఒక్కో అక్షరమే కూడబలుక్కోవడం మొదలెట్టింది. ఎదురుగా కూర్చున్న గుమాస్తా గడియారం చూసుకుని కాగితం లాక్కున్నాడు.

"సంతకం వచ్చిందిగా పెద్దమ్మా, ఇంకా చదవడం దేనికి?"