మర్యాదల చిట్టా

దుబాయి నుంచి అల్ ఐన్‌కు గంటన్నర దారి. హైదరాబాద్ కంపెనీ మేనేజరు ఆ గంటన్నరా కారులో మర్యాదల చిట్టా వల్లెవేశాడు. ఎడమ చేత్తో ఏదీ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. ఎదుటివాడికి అరికాళ్లు కనబడేలా కూర్చోకూడదు. ఇంట్లో ఆడవాళ్ల ఊసు ఎత్తకూడదు. గోడ మీది వస్తువును మరీ మెచ్చుకోకూడదు, తీసి చేతిలో పెట్టేస్తారు.

వెళ్తున్నది ఒక ముసలాయన దగ్గరికి. ఖర్జూరపు తోటలున్నాయి, అద్దెకిచ్చిన భవనాలున్నాయి. ఆ భవనాల ఏసీల కాంట్రాక్టు కావాలి.

"ఎల్లుండి శుక్రవారం. మధ్యాహ్నం దాటితే ఇక్కడ పని నడవదు. ఈ రోజే మాట తీసుకోవాలి" అన్నాడు డ్రైవరుతో. ఆ ఇంట్లో గొర్రెమాంసం వేసి వండే అన్నం చాలా బాగుంటుందని ఎవరో చెప్పారు. పొద్దున హోటల్లో టిఫిను కూడా మానేశాడు.

చెప్పులు బయట విడిచి మజ్లిస్‌లోకి వెళ్లాడు. మజ్లిస్ అంటే వచ్చినవాళ్లను కూర్చోబెట్టే గది. గోడల వెంట పరుపులు, దిండ్లు. సలాములు అయ్యాయి. తోటల క్షేమం, ఒంట్లో క్షేమం, వానల సంగతి అయ్యాయి. అసలు మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకూడదని చిట్టాలో ఉంది కనుక మేనేజరూ ఎత్తలేదు.

కాఫీ వచ్చింది. పోసేవాడి ఎడమ చేతిలో పొడుగాటి ముక్కున్న కూజా, కుడి చేతిలో ఒకదాంట్లో ఒకటి దోపిన పిడి లేని కప్పులు. ఆ కూజాను దల్లా అంటారు. అక్కడి దిర్హం బిళ్ల మీద ఉండే బొమ్మ అదే. 2015లో యునెస్కో ఈ కాఫీనీ, ఈ మజ్లిస్‌నూ కూడా మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. చక్కెర ఉండదు, పాలు ఉండవు, యాలకుల వాసన ఉంటుంది. కప్పులో అడుగున కాస్త మాత్రమే పోస్తారు. నిండా పోశారంటే ఇక లేవండి అని.

మేనేజరు తాగాడు. మళ్లీ పోశాడు. తాగాడు. మళ్లీ పోశాడు. పోసింది వదిలేయకూడదని మనవాళ్ల పెంపకం. మూడు దాటడం పద్ధతి కాదని ఆ దేశం పెంపకం. నాలుగోదీ తాగాడు. అయిదోదీ తాగాడు. ముసలాయన ఏమీ అనలేదు. నోట్లో చేదు పోవడానికి మేనేజరు ఒక్కో కప్పుకూ ఒక్కో ఖర్జూరం వేసుకున్నాడు.

ఆరోది పోస్తూ ఆ మనిషి కాస్త వంగాడు.

"కప్పు ఊపుండ్రి సార్. ఊపేదాంక పోస్తనే ఉండాలె నేను."

మేనేజరు ఉలిక్కిపడి కప్పును వేళ్ల మధ్య అటూ ఇటూ ఊపాడు. ఆ మనిషి కప్పు తీసుకున్నాడు. ముసలాయన గడ్డం కింద నవ్వాడు.

"ఏ ఊరు తమ్ముడూ?"

"జగిత్యాల దగ్గర సార్."

"ఎన్నేళ్లయింది?"

"పద్నాలుగేండ్లు."

"ప్రాణం నిలబెట్టావు. సొంత తమ్ముడిలా చెప్పావు" అన్నాడు మేనేజరు. గొంతు తగ్గించి, "ఏమిటయ్యా వీళ్లకు ఇన్ని రూల్సు? మన దగ్గర ఇవేం ఉండవు. మనింటికి వచ్చినవాడు మన మనిషే" అన్నాడు.

ఆ మనిషి కూజా పట్టుకుని పక్కవాళ్ల దగ్గరికి వెళ్లాడు.

కాంట్రాక్టు మాట పది నిమిషాల్లో తేలిపోయింది. భోజనం వచ్చింది. ఇద్దరు మోసుకొచ్చిన పళ్లెం, దాని నిండా అన్నం, అన్నం మీద గొర్రె. అందరూ చుట్టూ నేల మీద కూర్చున్నారు. ఆ ఇంట్లో కాఫీ పోసేవాడూ, డ్రైవరూ అదే పళ్లెం దగ్గర కూర్చుంటారు. గల్ఫులో ఎక్కువ ఇళ్లలో అలా ఉండదు. పాస్‌పోర్టు లాక్కుని గొడ్లలా చూసే కఫీళ్లూ, అంటే పనిలో పెట్టుకున్న యజమానులూ, ఉన్నారు. ఇది ఈ ముసలాయన పద్ధతి.

"నీ భాషవాడు, నువ్వే పక్కన కూర్చో" అని ఆయన కాఫీ మనిషిని మేనేజరు పక్కన కూర్చోబెట్టాడు. తన చేత్తో మెత్తటి ముక్క తుంచి అతిథి ముందు పెట్టాడు. బిస్మిల్లా అన్నారు. చేతులన్నీ పళ్లెంలోకి వెళ్లాయి.

మేనేజరు చెయ్యి అన్నం దాకా వెళ్లి ఆగింది.

"ఇంతకీ మీ ఇంటిపేరేమిటి తమ్ముడూ?"

చెప్పాడు.

"అంటే మీరు..."

"అవును సార్."

మేనేజరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఏమీ అంటని వేళ్లను జేబురుమాలుతో తుడుచుకున్నాడు.

"మాకు వెంకటేశ్వరస్వామి మొక్కుంది. శనివారం శనివారం ఒక్కపొద్దు. ఆ మాటే మరిచిపోయాను. పెద్దాయనకు కాస్త చెప్పు."

"ఖర్జూరాలు తిన్నరు గద సార్, అడుగుతడేమో."

"పండ్లు తినొచ్చు."

ఆ మనిషి అరబ్బీలో చెప్పాడు. ముసలాయన నొచ్చుకున్నాడు. ఉపవాసం ఉన్న మనిషి ముందు మాంసం పెట్టించానే అన్నాడు. ఇంత ఎండలో దేవుడి కోసం ఆకలి ఓర్చుకునేవాడి మాటను నమ్మొచ్చు, కాంట్రాక్టు కాగితాలు రేపే పంపిస్తానన్నాడు. మరో పళ్లెం ఖర్జూరాలు తెప్పించాడు.

కాఫీ మనిషి సారు చెప్పినదంతా అరబ్బీలో చెప్పాడు. శనివారం అన్న మాట ఒక్కటి వదిలేశాడు.

ఆ రోజు బుధవారం.