మూలమూలకూ ఒక మెషీన్

కారు డోర్ హ్యాండిల్ వెనక చిన్న గుంట ఉంటుంది. తలుపు తీసిన ప్రతిసారీ గోళ్లూ ఉంగరాలూ అక్కడ సంతకం పెట్టిపోతాయి. ఇన్నేళ్లూ ఆ గీతలకేసి కన్నెత్తి చూసినవాడు లేడు. ఇప్పుడు ఆ గుంట దశ తిరిగింది. దాని కోసమే అన్నట్టు ఒంటిచేత్తో పట్టుకునే పాలిషర్ వచ్చింది, దానికి అంగుళం ప్యాడ్, బుల్లి బ్యాటరీ. సైడ్ మిర్రర్ మెడ, బ్యాడ్జీ అక్షరాల సందు, నంబర్ ప్లేటు చుట్టూ, స్పాయిలర్ అడుగు, ఎక్కడికైనా దూరుతుందట. ఇంట్లో గ్యాస్ స్టవ్ వెనక గోడ తుడిచి ఎన్నాళ్లయిందో అడక్కండి. కారుకు మాత్రం మూలమూలకూ మెషీన్ ఉండాల్సిందే.

ఇందులో నాకు పేచీ లేదు. ఎవరి డబ్బు వాళ్లది, ఎవరి పిచ్చి వాళ్లకానందం. పేచీ అంతా ఆ డబ్బాతో పాటు ఉచితంగా అంటగట్టే సిద్ధాంతంతోనే. "పెద్ద మెషీనైతే భయం సార్. ఇది మినీ. కొత్తవాళ్లు కూడా కళ్లు మూసుకుని వాడేయొచ్చు." నిజమే, కళ్లు మూసుకుని వాడొచ్చు. తెరిచేసరికి ప్రైమర్ దర్శనమిస్తుంది.

కంపెనీ నుంచి వచ్చిన కారు మీద ప్రైమర్, రంగు, క్లియర్ కోటు అన్నీ కలిపితే మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో మనం రుద్దుకోవడానికి మిగిలేది పైనున్న క్లియర్ కోటు ఒక్కటే, అది సుమారు 40, 50 మైక్రాన్లు. మీ తల వెంట్రుక దానికంటే లావు. అదీ బానెట్ నడుమన, చదునుగా ఉన్న చోట. అంచుల దగ్గరికి వచ్చేసరికి తడి రంగు అక్కడ నిలవకుండా వెనక్కి లాక్కుంటుంది కాబట్టి పూత ఇంకా పలచన. పైగా చదునైన చోట ప్యాడ్ అంతటా పరుచుకునే ఒత్తిడి అంచు మీద గీతంత మేర పడుతుంది. ఇప్పుడు చెప్పండి, పిల్ల మెషీన్ తిరిగేదెక్కడ? డోర్ అంచు, పిల్లర్, బాడీ లైన్, పెట్రోల్ మూత చుట్టూ. కారులో పెయింటు ఎక్కడెక్కడ అతి పలచగా ఉందో వెతుక్కుంటూ పోయే పరికరానికి మనం పెట్టుకున్న పేరు సురక్షితం!

బంపర్ కథ ఇంకో మెట్టు పైన. అది ప్లాస్టిక్. లోహమైతే వేడిని చుట్టుపక్కలకు లాగేస్తుంది, ప్లాస్టిక్ ఎక్కడిదక్కడే పట్టుకుని కూర్చుంటుంది. చిన్న ప్యాడ్ అదే రూపాయి బిళ్లంత చోట తిరిగి తిరిగి వేడి పుట్టిస్తుంటే పైన పెయింటు మెత్తబడిపోతుంది. పోనీ పూత ఎంత మిగిలిందో కొలుద్దామంటే, షాపులో గొప్పగా బయటికి తీసే థిక్‌నెస్ మీటర్లలో చాలామటుకు ఇనుము మీదో అల్యూమినియం మీదో తప్ప పనిచేయవు. బానెట్ మీద గలగలా అంకెలు చెప్పిన మీటరు బంపర్ దగ్గర మౌనవ్రతం పడుతుంది. అక్కడినుంచి అంతా మేస్త్రీ అంచనా, మీ అదృష్టం.

ఇక కొనేవాళ్ల పాండిత్యం చూడాలి. ఒకాయనది 12 మిల్లీమీటర్ల ఆర్బిట్. పక్క ఫ్లాటాయనది 15. లిఫ్టులో ఎదురుపడితే ఆ మూడు మిల్లీమీటర్ల ఆధిక్యం పదిహేను మిల్లీమీటర్లాయన ముఖంలో తొణికిసలాడుతుంది. అంకె పెద్దదైతే సరుకు గొప్పదనే జబ్బు మనకు ఎంట్రన్స్ ర్యాంకు దగ్గర తప్ప అన్నిచోట్లా ఉంది. ఆర్బిట్ అంటే ప్యాడ్ అటూ ఇటూ ఊగే మేర. చదునైన చోట ఎక్కువ ఊగితే పని త్వరగా అవుతుంది, కాదనను. సందులో ఎక్కువ ఊగితే ప్యాడ్ పోయి పక్కనున్న నల్ల ప్లాస్టిక్ బీడింగుకు గుద్దుకుంటుంది. ఇరుకు కోసమని కొన్నదానికి విశాలంగా ఊగే గుణం చూసి మురిసిపోవడం మనకే చెల్లింది.

ఇటలీ రూపెస్ వాళ్ల నానోలోనూ, జర్మనీ ఫ్లెక్స్ వాళ్ల పీఎక్స్ఈ 80లోనూ ఒకే మెషీన్‌ను మూడు రకాలుగా మార్చుకోవచ్చు. నేరుగా గిర్రున తిరిగే రోటరీ ఒకటి, 3 మిల్లీమీటర్ల ఆర్బిట్ ఒకటి, 12 మిల్లీమీటర్లది ఒకటి. మంచి మెషీన్లు. వాటిని గీసిన ఇంజనీర్లకు దండం పెట్టొచ్చు. కానీ ఆ 3 ఎందుకుందో కొన్నవాళ్లలో అడిగినవాళ్లు తక్కువ. డబ్బాలో వచ్చింది కాబట్టి అలాగే ఉంచి, పెద్ద అంకె బిగించుకుని దిగుతారు. గుండ్రటి మిర్రర్ మీద పెట్టగానే ప్యాడ్ తిరగడం మానేసి వణకడం మొదలెడుతుంది. ఆర్బిట్ మెషీన్లలో చాలావాటి స్వభావమే అది, ప్యాడ్ ఒకవైపు నొక్కుకుపోతే తిరుగుడు ఆగిపోతుంది. మనవాడు పవర్ చాల్లేదనుకుని ఇంకాస్త నొక్కుతాడు. అది పూర్తిగా నిలబడిపోతుంది. మర్నాడు ఆ మెషీన్ దండగని పదిమందికీ చెబుతాడు.

డబ్బు పెట్టలేని మేధావులది వేరే దారి. ఐదంగుళాల పెద్ద పాలిషర్‌కే ప్యాడ్ అతికించే మూడంగుళాల ప్లేటు తగిలిస్తారు. లోపలున్న ప్రతిభారం పెద్ద ప్లేటు బరువుకు సరితూగేలా పెట్టింది. చిన్న ప్లేటు పెట్టేసరికి మెషీనూ, పట్టుకున్న చేయీ, చేతివాచీ అన్నీ వణుకుతాయి. ఇంకొందరు ఇనుము కోసే యాంగిల్ గ్రైండర్‌కు స్పాంజి కట్టి కారు మీదికి తెస్తారు. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి పదకొండు వేల చుట్లకు అటూఇటూ తిరుగుతుంది. రోటరీ పాలిషింగ్ జరిగేది వెయ్యీ రెండు వేల మధ్య. దీన్ని పాలిష్ అనడం మర్యాద కొద్దీ మాత్రమే.

దీనికి విరుద్ధమైన భక్తుడు మరొకడున్నాడు. చిన్నదాని మీద ముచ్చటపడి దాంతోనే బానెట్ మొత్తం చేస్తానంటాడు. ఆరంగుళాల ప్యాడ్ వైశాల్యంలో అంగుళం ప్యాడ్ ముప్పైఆరో వంతు. లెక్క ఆయనకు చెప్పకండి, ఆదివారాలు ప్రశాంతంగా గడుస్తున్నాయి.

అసలు మనం ఇంత కష్టపడి తీసే, కారు మీద సాలెగూడులా కనిపించే ఈ సన్నటి గీతలన్నీ ఎక్కడివి? పొద్దున్నే అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి వెళ్లి చూడండి. ఒకే బకెట్ నీళ్లు, ఒకే గుడ్డ, ఇరవై కార్లు. మొదటి కారు దుమ్ము ఇరవయ్యో కారు మీద రుద్దబడుతుంది. బోరు నీళ్లు ఎండలో ఆరి తెల్ల మచ్చలు పడతాయి. దసరాకి ఆయుధపూజ చేసి బానెట్ మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ దిద్దుతాం. దిద్దాలి కూడా. మర్నాడు దాన్ని దుమ్ముతో సహా పొడిగుడ్డతో బరబరా తుడిచేస్తామే, గీతలు పడేది అప్పుడు. ఏడాదంతా గీతలు పెట్టే గుడ్డ ఖరీదు ఇరవై రూపాయలు. వాటిని తీయడానికి కొనే మెషీన్ ఖరీదు ఇంట్లో ఆడవాళ్లకు తెలియకూడని రహస్యం. నెలజీతానికి గుడ్డ పట్టినవాణ్ణి తిట్టకండి, అతనికి రెండో బకెట్ కొనిచ్చింది ఎవరు?

ఆటోనగర్ పెయింటర్లను ఆకాశానికెత్తడానికి ఇది రాయడం లేదు. ఉన్ని ప్యాడ్ రోటరీతో రుద్దేసి వాళ్లు పంపిన నల్ల కారును మధ్యాహ్నం ఎండలో చూస్తే హోలోగ్రాములు, అంటే మెషీన్ వదిలిన మెరుపు చారలు, జాతర చేస్తుంటాయి. కానీ ఒక్క విషయంలో వాళ్లు మనకంటే నయం. బ్యాడ్జీ చుట్టూ వచ్చేసరికి మెషీన్ పక్కన పెట్టి, వేలికి మెత్తటి గుడ్డ చుట్టి, కాస్త పాలిష్ అద్ది చేత్తో తిప్పుతారు. వేలికి తగిలే వేడి వేలికి తెలుస్తుంది. ఆ సెన్సార్ మామూలు మెషీన్లలో ఉండదు.

అయినా కొంటానంటే కొనండి. ఇంట్లో ఒక్క కారున్నవాడికి మూడంగుళాల ప్యాడ్, తక్కువ ఆర్బిట్, కింది స్పీడులో కూడా నిలకడగా తిరిగే మోటారు ఉంటే చాలు. షాపువాడు వాట్లు, డబ్బాలో సామాన్ల లెక్క చెప్పబోతే ఆపి, ఆ మెషీన్‌కు సరిపోయే ప్యాడ్లు ఏడాది తర్వాత కూడా దొరుకుతాయా అని అడగండి. చిన్న ప్యాడ్లు త్వరగా పాలిష్ మడ్డితో నిండి వేడెక్కుతాయి, అరడజను ఉండాలి. అంచులకు మాస్కింగ్ టేప్ వేయండి. మెత్తటి ఫోమ్, సన్నటి పాలిష్‌తోనే మొదలుపెట్టండి. గీత పోలేదా, పోనివ్వండి, దాంతోనే బతకొచ్చు. అంచు మీద క్లియర్ కోటు పోయిందంటే మాత్రం ఏ పాలిషర్‌తోనూ తిరిగి రాదు. ఆ ప్యానెల్‌కు మళ్లీ పెయింట్ వేయించుకోవలసిందే.