సీనియర్ల చిట్కాల్లో వినకూడనివి

కర్నూలు, కడప ఇంజినీరింగ్ హాస్టళ్లలో సీనియర్లు జూనియర్లకు కోడింగ్ చిట్కాలు ప్రేమగానే చెబుతారు. కానీ వాటిలో కొన్ని పక్కా తప్పు.

“స్క్రీన్ వెడల్పుగా ఉంది కదా, లైన్ ఎంత పొడుగైనా ఫర్వాలేదు.” 80 అక్షరాల హద్దు 1928 నాటి ఐబీఎం పంచ్ కార్డుది, నిజమే. కార్డు పోయినా చదివే కష్టం పోలేదు. పొడుగాటి వరుస చివరిదాకా పోయి వెనక్కొచ్చేసరికి చూపు పక్క వరుసలో పడుతుంది. గుత్తి–పత్తికొండ దారిలో ఎర్రగుడి అశోక శాసనం చూడండి. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కారు. వరుస ఎటు పోతోందో తేలాకే అర్థం దగ్గరికి పోవాలి. పైథాన్ వాళ్ల శైలి నియమావళి పెప్ 8లో లైన్ హద్దు 79 అక్షరాలు. లైనక్స్ కెర్నల్ వాళ్లు 2020లో హెచ్చరిక హద్దును 100కు పెంచారు. ఏదైనా సరే, టీమంతా ఒకటే పాటించండి.

“షరతులన్నీ ఒకదాన్లో ఒకటి పెట్టెయ్, తర్వాత చూసుకోవచ్చు.” అన్నిట్లోకీ చెడ్డ సలహా ఇదే. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల లాటుకు తక్‌పట్టీ (అమ్మకం చీటీ) ఇచ్చే ప్రోగ్రాం రాస్తున్నారనుకోండి. రైతు పేరుందా అని ఒక ఇఫ్, దాని లోపల తూకం అయిందా అని ఇంకోటి, దానిలోపల ధర పడిందా అని మరోటి. తూకాన్ని ధరతో గుణించే అసలు లైను అన్నిటికన్నా అడుగున ఉంటుంది. ‘ధర పడలేదు’ అనే ఎల్స్ ఏ ఇఫ్‌దో స్క్రీన్ మీద వేలుపెట్టి చూసుకోవాలి. తిప్పి రాయండి: పేరు లేదా, అక్కడే రిటర్న్. తూకం సున్నానా, రిటర్న్. ధర లేదా, రిటర్న్. ఆ మూడూ దాటాక లెక్క ఎడమ అంచునే కనబడుతుంది. రేపు హమాలీ ఖర్చు కలపమన్నా ఎక్కడ కలపాలో వెతకక్కర్లేదు.

“లైన్ హద్దు దాటితే పేర్లు కుదించు.” మరీ అన్యాయం. తూకం అన్న పేరును ‘తూ’ చేస్తే చదివేవాడికి ఏం తెలుస్తుంది? పేరు అలాగే ఉంచి, పొడుగాటి షరతును విడిగా ఒక వేరియబుల్‌లో పెట్టండి.

“ఫార్మాటర్ ఉందిగా!” అది లైన్లు విరుస్తుంది, ఇఫ్‌ల లోతు తగ్గించదు. ఆ పని మనదే.

ఇడుపులపాయ, జగన్నాథగట్టు కాలేజీల్లో చదువుతున్న పిల్లలారా, మీ ప్రాజెక్టులో అన్నిటికన్నా లోతుగా పోయిన ఫంక్షన్ తీసి తిప్పి రాయండి. పక్క గదివాళ్లకిచ్చి చదివించండి. మిమ్మల్ని ఏదీ అడక్కుండా వాళ్లకు అర్థమైతేనే సబ్మిట్ చేయండి.