ఉప్పూ పంచదారేగా అంటారు

నేను ఓఆర్‌ఎస్ పొట్లాన్ని. నా బరువు 20.5 గ్రాములు. అందులో 13.5 గ్రాములు గ్లూకోజు, 2.6 గ్రాములు మనం కూరలో వేసుకునే ఉప్పే, 2.9 గ్రాములు సోడియం సిట్రేటు, 1.5 గ్రాములు పొటాషియం క్లోరైడు. నాకు రంగు లేదు, నారింజ వాసన సోకు కూడా లేదు. ఆశా కార్యకర్త సంచిలో జింకు మాత్రల అట్టకూ గర్భిణుల రిజిస్టరుకూ మధ్య నలుగుతూ ఊరంతా తిరుగుతుంటాను. నన్ను బయటికి తీసిన ప్రతి గడపలోనూ ఒకటే మాట: "ఓస్, ఉప్పూ పంచదారేగా!"

అవును, అంతే. నా బలమంతా ఆ జంటలోనే ఉంది. పేగు గోడలో ఒక తలుపుంది. సోడియం ఒంటరిగా వచ్చి తడితే అది తెరుచుకోదు, గ్లూకోజు ఒంటరిగా వచ్చినా అంతే. ఇద్దరూ కలిసి వస్తే లోపలికి రానిస్తుంది, వాళ్ళ వెనకే నీళ్ళూ వెళ్తాయి. కలరా పట్టి మనిషి బిందెలకొద్దీ నీళ్ళు వదిలేస్తున్నప్పుడు కూడా ఆ తలుపు చెడిపోదు. సోడియం, గ్లూకోజు కలిసి ప్రయాణం చేస్తాయని 1960లో ప్రాగ్ నగరంలో రాబర్ట్ క్రేన్ చెప్పాడు. 1968లో ఢాకాలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ కలరా రోగులకు తాగించి మరీ చూపించారు. అంతకు ఎంతో ముందే, 1953లో, కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ ఛటర్జీ ఈ దారి తొక్కినా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

మా వంశానికి అసలు పేరు తెచ్చింది 1971. బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన లక్షల మంది పశ్చిమ బెంగాల్ సరిహద్దులో శిబిరాల్లో పడి ఉన్నారు. వానలు, కలరా. బన్‌గావ్ ఆసుపత్రిలో నేల మీద కూడా ఖాళీ లేదు, సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబిస్ కలకత్తాలో ఉప్పు, తినే సోడా, గ్లూకోజు తూకం వేయించి ప్లాస్టిక్ సంచుల్లో పోయించాడు. ఆ సంచుల మూతి అతికించింది యంత్రం కాదు, వేడి ఇస్త్రీపెట్టె. మా పూర్వీకులు పుట్టిన తీరు అది. శిబిరంలో పీపాల్లో కలిపి పెడితే, రోగుల వెంట ఉన్న అమ్మలూ తమ్ముళ్ళూ గ్లాసులతో ముంచి తాగించారు. లీటరుకు 11 పైసల ఖర్చు. అటువంటి చోట్ల నూటికి ముప్పై దాకా పోతున్న ప్రాణాలు, అక్కడ 3.6కి తగ్గాయి. 1978లో లాన్సెట్ పత్రిక, ఈ శతాబ్దపు వైద్యంలో ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన ముందడుగు కావచ్చని రాసింది. మహాలనబిస్‌కు పద్మవిభూషణ్ వచ్చింది 2023లో. అప్పటికి ఆయన పోయి కొన్ని నెలలైంది. మన దగ్గర బిరుదులకు ఆ నడకే అలవాటు.

తినే సోడాతో చేస్తే ఎక్కువ కాలం నిలవ ఉండటం లేదని 1980లలో దాని చోట సిట్రేటు వచ్చింది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉప్పునూ గ్లూకోజునూ ఇంకా తగ్గించింది. పలచబడ్డాక వాంతులు తగ్గాయి, సెలైన్ ఎక్కించాల్సిన పిల్లలూ తగ్గారు. కాబట్టి తీపి పెంచితే మంచిదనుకునేవాళ్ళు వినాలి: చక్కెర ఎక్కువైతే అది పేగులోకే ఒంట్లో నీళ్ళను లాగుతుంది. విరేచనాలు పెరుగుతాయి. లీటరు కూల్‌డ్రింకులో వంద గ్రాములకు అటూ ఇటూ చక్కెర ఉంటుంది. నాలో ఎంతో మొదట్లోనే చెప్పాను.

ఈ సందర్భంలో ఒక కోపం కూడా వెళ్ళగక్కాలి. రంగు రంగుల డబ్బాల్లో తియ్యటి పానీయాలు నా పేరు పెట్టుకుని మందుల షాపుల్లో నా పక్కనే నిలబడ్డాయి. గొట్టం గుచ్చి పిల్లలకు తాగించడం సులువు, ధర చూస్తే మందేననిపిస్తుంది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ, నా లెక్క ప్రకారం తయారుకాని పానీయాల మీద ఆ మూడక్షరాలు ఉండకూడదంది. ఇప్పటికీ షాపులో అడిగేటప్పుడు పొట్లం వెనక్కి తిప్పి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉందో లేదో చూసుకుంటే మంచిది.

ఇక నన్ను చింపిన ఇంటి సంగతి. వానాకాలం. ఊళ్ళో టిఫిన్ బండి నడిపే కుర్రాడు పెళ్ళిభోజనానికి వెళ్ళొచ్చాడు. మర్నాటి రాత్రి ఉన్నట్టుండి వాంతులు, ఆ తరవాత నీళ్ళ విరేచనాలు. ఒకటిన్నర రోజులో లేచి కూర్చున్నాడు. ఈలోగా ఏడాదిన్నర కొడుక్కి అంటుకుంది. నోరోవైరస్ వాలకం అదే. లోపలికి పోయిన పన్నెండు గంటలకో, రెండు రోజులకో తగులుకుంటుంది, ఒకటి నుంచి మూడు రోజులు ఉంటుంది, ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. పరీక్ష చేయించలేదు కాబట్టి అదేనని నేను ఒట్టు వేయను. ఏ వైరస్సయినా నా పని మారదు.

మేము వెళ్ళేసరికి నాయనమ్మ పిల్లాడికి నీళ్ళు మాన్పించింది. "తాగిందంతా కిందికే పోతోందమ్మా, కాసేపు కడుపు ఎండనీ" అంది. ఆమె బాధ నాకు అర్థమైంది గానీ, పిల్లల ప్రాణాలు తీసేది ఆ ఎండటమే. ఆశా అక్క వాదన పెట్టుకోలేదు. ముందు పిల్లాడి పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలింది, వెంటనే సర్దుకుంది. కళ్ళు చూసింది. "ఒంటికి పోశాడా అమ్మాయ్?" అని తల్లిని అడిగింది. పొద్దున పోశాడంది. చర్మం నెమ్మదిగా దిగినా, కళ్ళు లోతుకు పోయినా, పిల్లాడు మగతగా వేలాడిపోయినా, ఆరు గంటల పైన మూత్రం రాకపోయినా, విరేచనంలో నెత్తురు పడినా, ఇచ్చినదేదీ కడుపులో నిలవకపోయినా నన్ను నమ్ముకుని ఇంట్లో కూర్చోకూడదు. అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, సెలైన్ సీసా కావాలేమో అక్కడ చూస్తారు. నాకు ఆ సీసా మీద అసూయ లేదు. తాగగలిగిన మనిషికి కూడా అదే కావాలని, రెండు బాటిళ్ళు ఎక్కించుకుంటే గానీ జబ్బుకు మర్యాద దక్కనట్టు చూసే అలవాటు మీదే నా చిరాకు.

అక్క లీటరు నీళ్ళ సీసా తెప్పించి, అందులో కాచి చల్లార్చిన నీళ్ళు నిండా పోయించి, నన్ను మొత్తంగా వంచింది. ఇక్కడే చాలామంది తప్పుతారు. సగం పొట్లం, ఒక గ్లాసు నీళ్ళు, కొంచెం పంచదార... చిక్కగా కలిపితే ఒంట్లో ఉప్పు ప్రమాదకరంగా పెరుగుతుంది, మరీ పలచన చేస్తే పని జరగదు. కలిపాక కాచకూడదు, 24 గంటలు దాటితే పారబోయాలి.

మొదటి చెంచాలు పిల్లాడు కక్కేశాడు. "చూశావా!" అంది నాయనమ్మ. "పది నిమిషాలు ఆగు పెద్దమ్మా, మళ్ళీ పడదాం. ఈసారి నెమ్మదిగా" అని అక్క తల్లి చేతికి చెంచా ఇచ్చింది. రెండు మూడు నిమిషాలకో చెంచా. అలా వెళ్తేనే నేను నిలుస్తాను. రెండేళ్ళలోపు పిల్లలకైతే ప్రతి విరేచనం తరవాత అర గ్లాసు దాకా పట్టాలి, పెద్ద పిల్లలకు గ్లాసు. నడుమ నడుమ తల్లిపాలు ఆపనక్కర్లేదు, ఆకలేస్తే పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు పెట్టొచ్చు. విరేచనాలను నేను కట్టెయ్యను. అవి తగ్గేదాకా లోపల నీళ్ళు తరగకుండా చూస్తాను, అంతవరకే నా బాధ్యత. కట్టే మాత్రలు చిన్నపిల్లలకు ప్రమాదం. వైరస్‌కు యాంటీబయాటిక్ వేస్తే వైరస్ నవ్వుకుంటుంది.

నాయనమ్మకు ఇంకో అనుమానం. "చుక్కల మందు వేయించాం కదా, మరెందుకొచ్చింది?" ఆమె అన్నది రోటావైరస్ టీకా సంగతి. ఆ చుక్కల కథ మన హైదరాబాద్‌దే. ఢిల్లీ ఎయిమ్స్‌లో జబ్బు చేయకుండానే పసికందులకు సోకిన ఒక రకం వైరస్‌ను పట్టి, దానితో భారత్ బయోటెక్ రోటావాక్ తయారుచేసింది. 2016లో సర్కారు దాన్ని పసిపిల్లలందరికీ ఇవ్వడం మొదలుపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు నోట్లో వేస్తారు. ప్రాణం మీదికి తెచ్చే రోటా జబ్బుల్లో సగానికి పైగా అది ఆపుతుంది. మిగతా సూక్ష్మజీవుల బాధ్యత దానిది కాదు.

సాయంత్రం అసలు గొడవ బండి దగ్గర వచ్చింది. "వాంతులు ఆగాయి కదా, రేపు పొద్దున పెట్టేస్తానక్కా" అన్నాడు తండ్రి.

"ఆగాక కనీసం రెండు రోజులు వంట ముట్టకు."

"శానిటైజర్ ఉంది కదా, రాసుకుంటా."

"ఈ వైరస్‌కు అది సరిగ్గా పనిచేయదు. సబ్బుతో, నీళ్ళతో రుద్ది కడగాలి. చట్నీలో నీ చెయ్యి పెట్టావంటే ఊరంతటికీ నేనే పొట్లాలు మోసుకురావాలి."

రెండు రోజుల బేరం పోతే ఎలా ఉంటుందో ఆమెకూ తెలుసు. చివరికి బండి బావమరిదికి అప్పగించేట్టు ఒప్పించింది. పిల్లాడి గుడ్డలు విడిగా వేడి నీళ్ళలో ఉతకమని, వాంతి పడిన చోట బ్లీచింగ్ పౌడరు నీళ్ళతో తుడవమని, పసివాడి మలం పెంటకుప్ప మీద కాక మరుగుదొడ్లోనే వెయ్యమని చెప్పింది. పసిపిల్లల మలానికి దోషం లేదనుకోవడం మన వాళ్ళ పాత నమ్మకం. దోషాలన్నీ అందులోనే ఉంటాయి.

మర్నాటి మధ్యాహ్నానికి సీసాలో నేను ముప్పాతిక అయిపోయాను. పిల్లాడికి ఇంకా రెండు మూడు సార్లు అవుతోంది, కానీ లేచి చెంచా కోసం తనే చెయ్యి చాపుతున్నాడు. తండ్రి పక్కన కూర్చుని పడుతున్నాడు. అక్క వచ్చి ఇంకో పొట్లం, జింకు మాత్రలు పద్నాలుగు ఇచ్చింది. రోజుకొకటి, చెంచా నీళ్ళలో కరిగించి.

"తగ్గిపోతే ఆపెయ్యొచ్చా?" అని నాయనమ్మ.

"తగ్గినా పద్నాలుగు రోజులూ వెయ్యాలి పెద్దమ్మా. మళ్ళీ మళ్ళీ రాకుండా ఉండటానికే అది."

"రోజూ ఎవరు గుర్తుపెట్టుకుంటారమ్మా?"

అక్క రిజిస్టరు తీసి ఆమె ఫోన్ నంబరు రాసుకుంది. కొడుకుది కాదు, నాయనమ్మదే. రోజూ పొద్దున ఏడింటికి చేస్తానంది.