నేను వయ్యారిభామను కాను

చీపురుపల్లి స్టేషన్ దాటాక పట్టాల పక్కన కంకర అయిపోయి మట్టి మొదలయ్యే చోట నేలబారున పాకుతూ బతుకుతున్నాను. నా పేరు గడ్డిచామంతి. గాయపాకు అని పిలిచినా, పలకాకు అని పిలిచినా నన్నే. ఈమధ్య దారిన పోయే పెద్దవాళ్ళు పిల్లల్ని నా దగ్గర నుంచి చెయ్యి పట్టి లాగేస్తున్నారు. "ముట్టుకోకురా, అది వయ్యారిభామ, ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి" అంటున్నారు. వాళ్ళ భయం నిజమైనదే. ఆ మొక్క తగిలి చర్మం పాడైనవాళ్ళు, దాని పుప్పొడికి ఆయాసపడేవాళ్ళు ఉన్నారు. కానీ నేను అది కాను. దానిమీద కోపంతో మందు కొట్టినప్పుడల్లా నేనూ మాడిపోతున్నాను కాబట్టి, నన్ను గుర్తుపట్టడమెలాగో నేనే చెప్పుకోవాలి.

ఒక్కసారి నా పక్కన కూర్చుని చూడండి. వయ్యారిభామ నిటారుగా మనిషి నడుమెత్తు పెరుగుతుంది. దాని ఆకు క్యారెట్ ఆకులా చీలికలు చీలికలుగా ఉంటుంది. కొమ్మల చివర చిన్న చిన్న తెల్లపూలు గుంపుగా పూస్తాయి. నా కాండం నేలను పట్టుకుని సాగుతుంది. నా ఆకులు కణుపుకు రెండేసి, ఎదురెదురుగా పుడతాయి. అంచున ఎగుడుదిగుడు పళ్ళు, రెండు వైపులా గరుకైన నూగు ఉంటాయి. పువ్వు మాత్రం నేలబారున ఉండదు. సన్నటి కాడ ఒకటి జానెడు పైకి లేచి, దాని కొసన ఒకే ఒక్క పువ్వును నిలబెడుతుంది.

ఆ ఒక్క పువ్వూ నిజానికి ఒకటి కాదు. చుట్టూ ఉన్న లేత పసుపు కలిసిన తెల్లరేకులు మామూలుగా ఐదు. ఒక్కో రేకు కొన మూడు పళ్ళుగా చీలి ఉంటుంది. ప్రతి రేకూ వేరే పువ్వే, గింజ కట్టగల ఆడపువ్వు. నడుమ పసుపుపచ్చగా కనిపించేదంతా గొట్టాల్లాంటి బుల్లి పువ్వుల గుంపు. ఒక్కో గొట్టంలోనూ తేనె ఉంటుంది. సీతాకోకచిలుక నా మీద వాలి, ఎగిరిపోకుండా అక్కడే చుట్టూ తిరుగుతూ నాలుక దించుతుందంటే కారణం అదే. మిగతా పూలు కరువైన ఎండల్లోనూ నేను పూస్తాను. గోరంత చిన్న నీలిరెక్కలవి కూడా అప్పుడు నా దగ్గరకే వస్తాయి.

గుంటగలగర అనుకుని జుట్టు నూనెకు నన్ను కోసుకెళ్ళేవాళ్ళూ ఉన్నారు. అది తడి నేలలో, చెరువు గట్టున, వరిమడి అంచున దొరుకుతుంది. దాని ఆకు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. పువ్వు చిన్నది, నా పువ్వులా నడుమ పసుపు ఉండదు. ఆకు నలిపితే పసరు నల్లబడుతుంది. ఈ గుర్తులు చూసి కోసుకుంటే చాలు.

మా పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. లిన్నేయస్ అనే వృక్షశాస్త్రవేత్త 1753లో మమ్మల్ని తన పుస్తకంలోకి ఎక్కించి ట్రైడాక్స్ ప్రోకంబెన్స్ అని పేరు పెట్టాడు. వయ్యారిభామదీ అమెరికా ఖండమే, మాదీ దానిదీ ఒకే చామంతి కుటుంబం. 1950లలో పుణె దగ్గర అది మన దేశంలో జనం కంటపడింది. నేను అంతకు చాలా ముందే ఈ నేలకు అలవాటు పడ్డాను. అలాగని నేను ఎవరికీ ఇబ్బంది కాదని అబద్ధం చెప్పను. అమెరికా ప్రభుత్వం నిషేధించిన హానికర కలుపుల జాబితాలో నా పేరు కూడా ఉంది.

నేను ఎక్కడ పెరుగుతానో చూస్తే నా స్వభావం తెలుస్తుంది. ఈ దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో ఈ విజయనగరం ప్రాంతంలోనే మొదలైంది. మన కోడూరు దగ్గర దొరికిన ఒక రాతికి ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ ఊరి పేరే పెట్టి కోడూరైట్ అన్నాడు. ఖనిజం బయటికి పోయింది, దానికోసం తవ్విన మట్టి, రాయి కుప్పలుగా మిగిలాయి. పైమట్టి పోయిన అలాంటి వాలులో వానపడితే మట్టి జారిపోతుంది, ఎండకాస్తే నేల కాలిపోతుంది. మా జాతి అలాంటి చోటికి తొందరగా చేరుకుంటుంది. మా గింజ రెండు మిల్లీమీటర్లు, నల్లగా ఉంటుంది. దాని తలమీద ఈకల కుచ్చు ఉంటుంది, గాలి దాన్నే ఎత్తుకుపోతుంది. మొలకెత్తడానికి వెలుతురు కావాలి, లోతుగా పూడితే మొలవదు. అందుకే దట్టంగా చెట్లున్న చోట మాకు స్థానం లేదు. మనుషులు తవ్వి వదిలేసిన బోడినేల మాది. పాకుతూ వెళ్ళిన కాండం కణుపుల దగ్గర వేళ్ళు దించి ఆ మట్టిని పట్టుకుంటుంది. నన్ను పనికిరానిదని అనేవాళ్ళు ఆ కుప్పల దగ్గరికి వచ్చి ఒకసారి చూడాలని నా కోరిక.

పసరు మాట కూడా చెప్పాలి. కాలు గీరుకుపోయిన గుంటడిని అమ్మమ్మ దగ్గరకు పిలిచి, "ఏటయిందిరా? ఇలా రా, కదలకు" అంటూ నా ఆకు నలిపి పిండడం ఈ ఊళ్ళు ఎరిగిన వైద్యమే. అదే ఆకును బొగ్గుతో కలిపి పలకకు రుద్దితే పలక నల్లగా తేలేది. పైపైన గీరుకుపోతే సరే. లోతుగా తెగినా, తుప్పు ఇనుము గుచ్చుకున్నా నా ఆకును నమ్ముకుని కూర్చోవద్దు. ఆసుపత్రికి వెళ్ళి ధనుర్వాతం సూది వేయించుకోవాలి. ఇది నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

వేరుశెనగ చేలో, మొక్కజొన్న సాళ్ళలో నన్ను ఉంచమని ఏ రైతునూ అడగను. అక్కడ నేను పంట తిండి లాక్కునేదాన్నే. పీకేటప్పుడు వేరుతో సహా పీకి ఎండలో వెయ్యండి. తడిమట్టిలో కణుపున్న ముక్క మిగిలితే మళ్ళీ నాటుకుంటాను. పువ్వు వాడి తెల్లకుచ్చు విచ్చుకోకముందే ఆ పని చేస్తే, పక్క చేనుకు నా గింజ పోదు.