గోల్ షీటు గోల

ఏప్రిల్ వచ్చిందంటే ఇప్పటి ఆఫీసుల్లో గోల్ షీటట. కంపెనీకి ఏం సాధించి పెడతావో ఒక గడి, నీకోసం ఏం సాధించుకుంటావో ఇంకో గడి. గచ్చిబౌలిలో పనిచేసే మా మనవడు రెండో దాంట్లో ‘నాయకత్వ లక్షణాలు పెంచుకోవడం’ అని రాశాడు. “నీకు కావలసింది అదేనట్రా?” అంటే, “కాదు తాతయ్యా, మియాపూర్‌లో ఫ్లాటు కొనాలి. అది అందులో రాయకూడదు” అన్నాడు. మరి ఆ గడి ఎవడి కోసమో!

మా రోజుల్లో బ్యాంకు గుమాస్తాని ఎవరూ ఇలా అడగలేదు. ఎవరింట్లో చెల్లెలి పెళ్ళి ఉందో మేనేజరుకీ తెలుసు, టీ కుర్రాడికీ తెలుసు. సీఏఐఐబీ పరీక్షకి కూర్చున్నది బ్యాంకింగ్ మీద మోజుతోనా? పాసైతే ఇంక్రిమెంటు వస్తుంది, ఇంటద్దెకి పనికొస్తుంది. ఆఫీసరు ప్రమోషన్ సంగతి వేరు. దాని వెనకే ట్రాన్స్‌ఫరూ వస్తుంది. పిల్ల టెన్త్‌లో ఉందనో, అమ్మ మంచాన పడిందనో వద్దని రాసిచ్చేసినవాళ్ళు ఎంతమందో. ఇప్పుడైతే వాళ్ళకి ‘మోటివేషన్ లేదు’ అని రాసేస్తారు.

ఆ మోటివేషన్ లేనివాళ్ళని జూన్ 30న, డిసెంబరు 31న చూడాలి. అర్ధ సంవత్సరం క్లోజింగ్. పదో తారీఖు నుంచి నెలాఖరు దాకా ఖాతాలో ఉన్న కనీస నిల్వ మీద సేవింగ్స్ వడ్డీ. 2010 ఏప్రిల్‌లో రోజువారీ లెక్క వచ్చేదాకా అదే పద్ధతి. మా కాలంలో అదంతా చేత్తోనే. బ్యాలెన్సింగ్‌లో 63 రూపాయల తేడా వచ్చిందనుకోండి. తొమ్మిదో ఎక్కంలో పడింది కాబట్టి ఎవడో అంకెలు తారుమారు చేశాడని ముందు అనుమానం: 81 బదులు 18. ఇక రాత్రి పదకొండైనా సరే, ఒకడు చదవడం, ఒకడు టిక్కు పెట్టడం. ప్రమోషన్ వద్దన్న మా స్పెషల్ అసిస్టెంటుగారు తేడా దొరక్కపోతే అన్నం సయించదనేవారు. (ఆ రాత్రుళ్ళు పిల్లల్ని నిద్రపుచ్చిందెవరో మా ఆవిడ చెబుతుంది, అడగండి.)

మావాడి ఆఫీసులో మూడేళ్ళు ఒకే హోదాలో ఉంటే అనుమానంగా చూస్తారట. పై కుర్చీ వద్దు, ఉన్న పని శుభ్రంగా చేసుకుని ఆరింటికి ఇంటికెళ్తాననేవాడికి అక్కడ చోటేదీ? మా బ్రాంచిలో అలాంటివాళ్ళకి గౌరవం ఉండేది. క్లోజింగ్ రాత్రి తేడా వస్తే మేనేజరు ముందు వాళ్ళ టేబుల్ దగ్గరికే పరిగెత్తేవాడు.